అడవి దేవునికీ తెర ఉంది

ఆలయంలో నైవేద్య సమయం ఆసన్నమైనప్పుడు అర్చకుడు గర్భాలయ ద్వారానికి తెర వేస్తాడు. అంతవరకు కన్నులారా స్వామిని దర్శిస్తున్న భక్తులు చేతులు జోడించి, తల వంచి నిలుచుంటారే తప్ప ‘తెర ఎందుకు వేశారు?’ అని ఒక్కరూ ప్రశ్నించరు. పసివాడు తొంగిచూడబోతే తల్లి కొంగు చాటుకు లాక్కుంటుంది. దర్శనం మన హక్కు కాదు, స్వామి అనుగ్రహం. ఆయన కనబడదలచిన వేళ కనబడతాడు. వలదనుకున్న వేళ తెర చాటున ఉంటాడు. ఈ సంగతి మన ఇళ్లలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు.

నలభై ఏండ్లకు పైగా గోదావరి తీరాన ఒక ఆలయంలో ఆ తెర తాడు లాగిన చేతులు నావి. అయినా ఆ తెర అంతరార్థం నాకు పూర్తిగా బోధపడింది మా గుడిలో కాదు. నదికి ఆవలి దిక్కున, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో, నాగోబా సన్నిధిలో బోధపడింది. చేతిలో కెమెరా లేని మనిషే కనబడని ఈ రోజులలో ఆ పాఠాన్ని పాఠకులతో పంచుకోవడం నా విధి అనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అమావాస్య రాత్రి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు గోదావరి ఎల్ల. ఈ ఒడ్డున మేము సంకల్పంలో ఏ నదిని స్మరిస్తామో, ఆ ఒడ్డున గోండులలోని మెస్రం వంశీయులు ఆ నదీజలంతోనే తమ దైవాన్ని అర్చిస్తారు. పుష్యమాసంలో నెలవంక కనబడిన పిమ్మట వంశపు పెద్దలు బయలుదేరి, పాదరక్షలు లేకుండా, అడవులూ వాగులూ దాటి, జన్నారం మండలంలోని హస్తినమడుగుకు కాలినడకన చేరుకుంటారు. అక్కడి గంగాజలాన్ని ఝరిలో నింపుకొని మళ్లీ కాలినడకనే కేస్లాపూర్ చేరి మర్రిచెట్ల నీడన బస చేస్తారు. సిరికొండ కుమ్మరులు చేసిన కొత్త కుండలతో పూజకు నీరు తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ జరుగుతుంది. అక్కడ పూజించేది మెస్రం వంశంవారే. మావంటి పురోహితులకు అందులో పని లేదు. ఇప్పుడున్న శిలా దేవాలయాన్ని కూడా ఆ వంశీయులే తమ కష్టార్జితం నుండి చందాలు పోగుచేసి నిర్మించుకొని, 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరుపుకున్నారు.

కొన్నేండ్ల క్రితం ఆ మహాపూజకు మా పెద్ద మనుమడిని వెంటబెట్టుకొని వెళ్లాను. హైదరాబాదులో కొలువు చేసుకుంటున్న పిల్లవాడు. వినయం కలవాడు, సంధ్యావందనం మానని వాడు. పూజ ముగిసిన తర్వాత ‘భేటింగ్’ మొదలయింది. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దైవానికి పరిచయం చేసే తంతు అది. తెల్లని చీరలు ధరించి, ముసుగు ముఖం మీదికి దించుకొని, వంశపు పెద్ద ముత్తైదువలు దారి చూపగా ఆ కొత్త కోడళ్లు వరుసగా వస్తున్నారు. అంతవరకు ఆ ఇంటి కోడలే అయినా ఆమెకు నాగోబా పూజలో పాలు లేదు. ఆ రాత్రితో ఆమె ఆ వంశపు మనిషి అవుతుంది. మన వివాహంలో కన్య గోత్రం మారే ఘట్టం ఎంత పవిత్రమో ఇదీ అంతే.

మా మనుమడు సెల్‌ఫోన్ పైకెత్తాడు. ఒకసారి మెరుపు మెరిసింది. ముసుగులో ఉన్న ఒక పిల్ల ఉలికిపడి ఆగిపోయింది. ఎక్కడినుంచి వచ్చాడో ఒక వృద్ధుడు, తెల్ల తలపాగా చుట్టుకున్నవాడు, వాని చేతిమీద మెల్లగా తన చేయి వేసి ఫోన్‌ను కిందికి దించాడు. ముఖంలో కోపం లేదు. నా నుదుటి విభూతిని, భుజంమీది ఉత్తరీయాన్ని చూసి నేనెవరినో పోల్చుకున్నాడు కాబోలు, ఇలా అన్నాడు:

“బాబూ, అయ్యగారి గుళ్లె తెర ఏస్తరు గదా. మా దేవుని ముంగట తెరగుడ్డ లేదు. చూసెటోళ్లే కండ్లు దించుకోవాలె.”

“తప్పయింది పటేలా” అన్నాను.

“తప్పేమున్నది అయ్యగారూ, ఎరుకలేక చేసిండు” అని ఆ పెద్దమనిషి తన పనిమీద తాను వెళ్లిపోయాడు.

ఎరుక లేక చేసింది మనుమడు. మరి నేను? వాడు ఫోన్ ఎత్తడం నేను పక్కనే నిలుచుండి చూశాను. మా గర్భాలయం ముందు ఎవరైనా అదే పని చేసి ఉంటే గుడి దద్దరిల్లేటట్టు కేకలు వేసేవాణ్ణి. అక్కడ నా నోట మాట రాలేదు. ఎందుకని ఆ రాత్రంతా ఆలోచించాను. జవాబు చేదుగా ఉన్నది. మా గుడిలో జరిగేది పూజ అనీ, ఇక్కడ జరుగుతున్నది జాతర, వినోదం అనీ నా మనసులో ఏ మూలనో ఒక తేడా దాగి ఉన్నది. శాస్త్రం చదువుకున్నవాణ్ణి, ఆ తేడాను ఏ శాస్త్రం నాకు చెప్పలేదు. నేనే కల్పించుకున్నాను.

నా గోడమీది ఫోటో

ఇతరుల తప్పు ఎంచడానికి ముందు నా తప్పు ఇంకొకటి చెప్పుకోవాలి. 2003 గోదావరి పుష్కరాలలో వేలమందికి పిండప్రదానాలు చేయించాను. ఒకరోజు తెల్లవారుజామున ఒక యువకుడు తండ్రికి పిండం పెడుతూ దుఃఖం ఆపుకోలేక నదిలోనే కుప్పకూలాడు. నేను అతని భుజం పట్టుకొని లేవదీశాను. వెనుక సూర్యోదయం. అక్కడే ఉన్న ఒక ఛాయాచిత్రకారుడు ఆ దృశ్యాన్ని పట్టుకున్నాడు. ఆ బొమ్మ అచ్చయింది, పదిమంది మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఒక ప్రతి సంపాదించి, పటం కట్టించి, మా ఇంటి నడవలో వేలాడదీశాను. వచ్చినవారికి చూపించి మురిసిపోయేవాణ్ణి.

ఆరునెలలకు ఆ యువకుడు ఏదో పనిమీద మా ఇంటికి వచ్చాడు. గోడమీది పటం చూసి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “అయ్యగారూ, మా నాయనకు నేను పెట్టిన పిండం ఊరంతా చూసిండ్రు. నేను ఏడ్చింది మా నాయన కోసం, ఊరి కోసం కాదు” అన్నాడు. ఆ ఫోటో తీసినవాడు అతనిని అడగలేదు. దానిని గోడకెక్కించిన నేనూ అడగలేదు. ఆ బొమ్మలో నేను గంభీరంగా, దయామూర్తిగా కనబడుతున్నాను గనుక అడగాలని నాకు తోచలేదు. ఆ సాయంత్రమే పటం దించి పెట్టెలో పెట్టాను.

పిండప్రదానం కూడా ఒక తెర చాటు కర్మయే. కర్తకూ పితృదేవతలకూ నడుమ జరిగే సంభాషణ అది. పురోహితుడు కూడా అక్కడ కేవలం సహాయకుడు. ఆ సంభాషణలోకి మూడవ కన్ను చొరబడితే కర్మ చెడుతుందని నేను అనను. కాని కర్త మనసు చెదురుతుంది. మనసు చెదిరిన తర్వాత మంత్రం ఉన్నా లేకున్నా ఒకటే.

చూపు అంటే ఏమిటి?

మన సంప్రదాయం చూపును చిన్న విషయంగా ఎంచలేదు. విగ్రహప్రతిష్ఠలో నేత్రోన్మీలనం అనే ఘట్టం ఉంది. శిల్పి స్వామి కన్నులు తెరిచే వేళ ఎదుట ఎవరూ నిలువరు. ఆ మొదటి చూపు పడడానికి అద్దం, గోవు, ధాన్యరాశి వంటి మంగళద్రవ్యాలను ఉంచుతారు. అంటే దర్శనం అనేది మనం స్వామిని చూడడం మాత్రమే కాదు, స్వామి మనలను చూడడం కూడా. రెండు చూపులు కలిస్తేనే దర్శనం. ఇంట్లో పసిబిడ్డ బుగ్గన మన అమ్మమ్మలు కాటుక చుక్క పెట్టేదీ చూపుకున్న బలం తెలిసే. అందరి చూపూ ఆశీర్వాదం కాదని వారికి తెలుసు.

కెమెరాతో వచ్చిన చిక్కు ఇదే. అది చూస్తుంది గాని చూడబడదు. ఎదుటివాని ముఖం తీసుకుంటుంది, తన ముఖం దాచుకుంటుంది. అందుచేత కెమెరా పట్టినవాడు మామూలు మనిషికన్నా రెండింతలు మర్యాద పాటించాలి. కంటితో చూసినవాడు మరచిపోవచ్చు; కెమెరా చూసింది నిలిచిపోతుంది, చేతులు మారుతుంది, ఎవరికి ఎప్పుడు ఎక్కడ కనబడుతుందో తీసినవానికే తెలియదు.

దీపావళికి ముందు దండారీ దినాలలో మన ప్రాంతపు గుస్సాడీలను చూడండి. తలమీద నెమలిపింఛాల టోపీ, ఒంటికి బూడిద, భుజాన మృగచర్మం, చేత దండం. అది వేషం కాదు, దీక్ష. ఆ దినాలలో గుస్సాడీ మీదికి దైవం వస్తుందని గోండుల విశ్వాసం. దీక్ష ముగిసేవరకు స్నానం కూడా చేయని నియమం ఉన్నది. మన అయ్యప్ప దీక్షలో ఉన్న స్వామిని రోడ్డుమీద ఆపి, ‘ఇటు తిరుగు, నవ్వు, చేయెత్తు’ అంటామా? గుస్సాడీని మాత్రం అంటున్నాము. పట్నం నుంచి కార్లలో వచ్చినవారు దీక్షలో ఉన్నవాని భుజంమీద చేయి వేసి ఫోటో దిగడం నేను కన్నులారా చూశాను. వారూ భక్తులే, వారి కారు అద్దం ముందు వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. అదే నా బాధ.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. గుస్సాడీని దేశమంతటికీ పరిచయం చేసిన మార్లవాయి కనకరాజుగారు 2021లో పద్మశ్రీ పురస్కారానికి ఎంపికయ్యారు, 2024 అక్టోబరులో పరమపదించారు. వారే ఢిల్లీ వేదికలమీద ఆ నాట్యం ప్రదర్శించారు గదా, ఇక దాపరికం ఏమిటి అని అడగవచ్చు. వేదికమీద వారు తమ ఇష్టంతో, తాము ఎంచినంత మేరకు చూపించారు. మేము కూడా ఉత్సవమూర్తిని వీధిలో ఊరేగిస్తాము. ఆ రోజు ఎంతమంది చూస్తే అంత సంతోషం. అంతమాత్రాన మూలవిరాట్టు అభిషేకానికి కెమెరాలు రమ్మని పిలిచినట్టు కాదు. ఏది ఉత్సవమూర్తియో, ఏది మూలవిరాట్టో నిర్ణయించవలసినది ఆ గుడివారు. చూడవచ్చినవారు కాదు.

మార్లవాయిలో ఒక పరదేశి

అయితే ఫోటోలే కూడదా? అలా అంటే అది కూడా అన్యాయమే. దీనికి మన అడవిలోనే ఒక ఉదాహరణ ఉన్నది.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1909లో వియన్నాలో జన్మించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగిన తర్వాత, గోండుల కడగండ్లకు కారణాలు తెలుసుకొనుటకు నిజాం ప్రభుత్వం ఆయనను ఈ ప్రాంతానికి పంపింది. ఆయన ప్రయాణికుల బంగళాలో దిగి రెండు రోజులలో తిరిగిపోలేదు. నేటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయిలో, భార్య బెట్టీతో కలిసి, వారి ఇళ్ల నడుమ ఇల్లు వేసుకొని నివసించాడు. గోండీ భాష నేర్చుకున్నాడు. 1943లో అక్కడ గోండు పిల్లల చదువుకూ, గోండు ఉపాధ్యాయుల శిక్షణకూ ఏర్పాటు జరిగింది. భూములకు పట్టాలు ఇప్పించే పనిలో ఆయన పాత్ర ఉన్నది. కేస్లాపూర్ జాతరలో నేటికీ జరిగే ప్రజాదర్బార్ ఆయన సూచనతో మొదలైనదే.

ఆయన చేతిలో కెమెరా కూడా ఉన్నది. దుక్కి దున్నడం, ఇల్లు కప్పడం, పెండ్లి, దండారీ నాట్యం, పెద్దల కర్మలు — గోండుల నిత్యజీవితమూ భక్తీ ఆ చిత్రాలలో నిలిచాయి. హైదరాబాదులో అంతకుముందు ఛాయాచిత్రకళ లేకపోలేదు. ఆరవ నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ వంటి మహానుభావుడు ఉండేవాడు. కాని ఆ చిత్రాలలో ఎక్కువగా ఉన్నవారు రాజులు, దొరలు, కోటలు. నాగలి పట్టిన గోండును, కుండ ఎత్తుకున్న గోండు ఇల్లాలిని అంత శ్రద్ధతో చూసిన కెమెరా మన అడవికి అప్పుడే వచ్చింది. 1948లో వెలువడిన ఆయన ఆదిలాబాద్ రాజగోండుల గ్రంథానికి ఆ జీవనమే ఆధారం. ఆ ఛాయాచిత్రాల భాండారం లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాసంస్థలో భద్రంగా ఉన్నది.

ఆయన లోపం లేని మనిషి అని నేను అనను. వెనుక ప్రభుత్వపు నీడ ఉన్న మనిషి వచ్చి కెమెరా ఎత్తితే, ‘వద్దు దొరా’ అనగల చనువు ఆనాటి గోండుకు ఎంత ఉండేదో ఆలోచించవలసిందే. ఆ చిత్రాలు సముద్రాల ఆవల ఉండడమూ ఆలోచించవలసిందే. కాని ఒక్కమాట నిజం. 1987లో బెట్టీ హైదరాబాదులో మరణించినప్పుడు ఆమె దేహానికి విశ్రాంతి దొరికింది మార్లవాయి మట్టిలో. 1995లో గతించిన ఆయన అస్థికలు కూడా పిదప ఆమె పక్కకే చేరాయి. నేటికీ ప్రతి జనవరిలో అక్కడివారు ఆ దంపతులను స్మరించుకుంటారు. చిత్రాలు తీసుకుపోయినవారిని ఎవరూ ఇలా గుర్తుంచుకోరు. ఉన్నారు, నేర్చుకున్నారు, తమకు చేతనైనది తిరిగి ఇచ్చారు గనుక ఊరు వారిని తనవారిగా చేర్చుకుంది. ఫోటో ఆ బంధంలో ఒక భాగం మాత్రమే.

బొమ్మ వద్దన్నవారు

ఎంత మర్యాదగా అడిగినా ‘వద్దు’ అనేవారు కూడా లోకంలో ఉన్నారు. అమెరికాలో అమిష్ అనే క్రైస్తవ సమాజం ఉన్నది. 1693లో స్విట్జర్లాండ్ ప్రాంతంలో యాకోబ్ అమ్మన్ అనే మతపెద్ద అనుచరులు వేరుపడగా ఏర్పడిన శాఖ ఇది. పద్దెనిమిదవ శతాబ్దంలో సముద్రం దాటి పెన్సిల్వేనియా చేరారు. నేడు దాదాపు 4 లక్షలమంది ఉంటారు. గుర్రపుబండిమీదనే ప్రయాణం, సాదా వస్త్రాలు, వ్యవసాయం, వడ్రంగం. తమ శాస్త్రంలోని పది ఆజ్ఞలలో ప్రతిమలు చేయరాదన్న ఆజ్ఞను అనుసరించి వారు కెమెరా ముందు కూర్చోరు. ముఖాన్ని ముందుకు తెచ్చుకోవడం అహంకారానికి తొలిమెట్టు అని కూడా వారి భావన. పొలాన్నో, దూరాన పోతున్న బండినో తీస్తే కొందరు పట్టించుకోరు. ముఖానికి ఎదురుగా నిలిచి తీస్తే నొచ్చుకుంటారు. అయినా వారిని చూడడానికి యాత్రికులు తండోపతండాలుగా వస్తారు.

2006 అక్టోబరు 2న ఆ సమాజపు చిన్న బడిలోకి ఒక దుండగుడు చొరబడి ఐదుగురు బాలికలను కాల్చిచంపి తానూ చచ్చాడు. లోకంలోని కెమెరాలన్నీ అక్కడ వాలాయి. ఆ బాలికల పెద్దలు హంతకుని కుటుంబాన్ని క్షమించారు. అంతేకాదు, అతని అంత్యక్రియలకు వెళ్లి, అతని భార్యాపిల్లల దుఃఖం కెమెరాల పాలుకాకుండా, ఫోటోలు తీసేవారికి వీపులు తిప్పి వరుసగా నిలుచున్నారు. తమ బిడ్డలను పోగొట్టుకున్నవారు, పోగొట్టినవాని ఇల్లాలికి తమ దేహాలనే తెరగా పట్టారు! వారి మతం వేరు, మన మతం వేరు. బొమ్మ కూడదన్న వారి సిద్ధాంతం విగ్రహారాధకులమైన మనకు సమ్మతం కాదు. కాని ఆ తెర ముందు ఏ ధర్మంవాడైనా చేతులు జోడించవలసిందే.

ఆమాటకు వస్తే మన అడవిలోనూ బొమ్మ లేని భక్తి ఉన్నది. గోండుల వంశదైవమైన పెర్సపేన్‌కు సామాన్యంగా విగ్రహం ఉండదు. చామరం, ఇనుప బల్లెపు మొన దైవచిహ్నాలు. వాటిని భద్రంగా దాచి, పూజావేళలలోనే బయటికి తీస్తారు. వంశాల కథను ప్రధాన్‌లు కిక్రీ వాయిస్తూ పాడి వినిపిస్తారు. చెవినుంచి చెవికి వచ్చిన చరిత్ర అది. వేదం చదువుకున్నవాణ్ణి గనుక నాకు ఇది వింతగా తోచలేదు. శ్రౌతయాగంలోనూ విగ్రహం లేదు, అగ్ని ఉన్నది. మా విద్యకూ పుస్తకం తర్వాత వచ్చింది, గురుముఖం ముందు.

పాంజాల్‌లో గీసిన గీత

ఆ గురుముఖ విద్యకూ కెమెరా ఎదురైంది. 1975 ఏప్రిల్‌లో కేరళలోని పాంజాల్ గ్రామంలో నంబూద్రి వేదపండితులు పన్నెండు దినాల అతిరాత్ర అగ్నిచయనం చేశారు. ఫ్రిట్స్ స్టాల్ అనే డచ్చి దేశపు పండితుడు దానిని చిత్రీకరించ సంకల్పించాడు. ఇటువంటి మహాక్రతువు మళ్లీ జరుగుతుందో లేదో తెలియని కాలం. నంబూద్రీలు తమలో తాము తర్కించుకున్నారు, వాదోపవాదాలు జరిగాయి, చివరకు సమ్మతించారు. అయితే యాగశాలకు ఒక ఎల్ల ఉన్నది. చిత్రీకరించేవారు ఆ ఎల్లకు వెలుపలనే ఉండవలసి వచ్చింది. ఆ చిత్రం నేటికీ వేదవిద్యార్థులకు ఉపయోగపడుతున్నది. 2003లో మన వేదపఠన సంప్రదాయాన్ని ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ మానవాళి వారసత్వంగా ప్రకటించింది.

నా గురువుగారు టేప్‌రికార్డరును పాఠశాల గడప లోపలికి రానిచ్చేవారు కారు. ‘యంత్రం విన్నదానికి శిష్యుడు కావలసిన పని లేదు, శిష్యుడు విననిదానికి యంత్రం ఉండి లాభం లేదు’ అనేవారు. ఆ మాట ఎంత నిజమో, వారితోనే కొన్ని స్వరభేదాలు అస్తమించాయన్నదీ అంత నిజం. ఒక్క పూట రికార్డు చేయనిచ్చి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే కెమెరా శత్రువు అనడానికి నాకు నోరు రాదు. ఎవరి విద్య, ఎవరి దైవం, ఎవరి దుఃఖం అన్నది వదిలిపెట్టి, ఎవరి చేతిలో కెమెరా ఉంటే వారిదే హక్కు అనుకోవడమే శత్రువు.

ఇంటింటికీ ఒక విన్నపం

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఏటేటా పుష్య అమావాస్యకు కేస్లాపూర్ దారులు కిక్కిరిసిపోతూనే ఉంటాయి. ఈ వ్యాసం చదివే ఇళ్లనుంచి వేలమంది వెళతారు. ప్రతి చేతిలో ఫోన్ ఉంటుంది. వద్దనను. ఒకటి రెండు మాటలు మాత్రం మనవి చేస్తాను.

ఫోన్ ఎత్తే ముందు నోరు విప్పి అడగండి. దీక్షలో ఉన్నవారినీ, దుఃఖంలో ఉన్నవారినీ ఆ సమయంలో అడగడం కూడా తప్పే. వారికి కాదనే ఓపిక ఉండదు. అడిగినప్పుడు ‘వద్దు’ అంటే ఆ మాటను నైవేద్యవేళ తెరగా భావించి చేతులు జోడించండి. ముసుగు వేసుకున్న ముఖం తీయవద్దు. స్నానఘట్టంలో స్త్రీలను తీయవద్దు. తీసిన ఫోటోను ముందుగా చూడవలసినది అందులో ఉన్న మనిషి. వారికి ఒక ప్రతి చేరేటట్టు చూడండి. పిల్లలకు ఈ మర్యాద మనమే నేర్పాలి. గుడిలో తెర వేసినప్పుడు తల వంచడం ఎలా నేర్పామో అలాగే.

ఇక నేటి గోండు యువకులే తమ పండుగలను తామే చిత్రించుకుంటున్నారు. అది చూసి ‘వారు తీస్తే తప్పులేదు, మేము తీస్తే తప్పా?’ అని కొందరు అడుగుతారు. అవును, తేడా ఉన్నది. ఇంటి బిడ్డ వంటింట్లోకి పోవడానికీ, వీధిలో పోయేవాడు పోవడానికీ ఉన్నంత తేడా ఉన్నది.

చివరగా, పెట్టెలో పెట్టిన ఆ పుష్కరాల పటం సంగతి చెప్పాలి. 2015 పుష్కరాలకు ఆ యువకుడు మళ్లీ వచ్చాడు. ఇప్పుడు జుట్టు నెరిసింది, పక్కన పదేళ్ల కొడుకు. కర్మ ముగిసిన తర్వాత కాస్త తటపటాయించి, “అయ్యగారూ, ఆ ఫోటో ఉన్నదా? వీడు తాతను చూడలేదు. వాళ్ల తాతకోసం నేనెట్ల ఏడ్చిన్నో వీనికి చూపిస్త” అన్నాడు. ఇంటికి పిలిచి, పటం తుడిచి, అతని చేతిలో పెట్టాను. పన్నెండేండ్లు నా పెట్టెలో ఉన్నా అది నాది కాదు. ఆ రోజు అతడు దానిని రెండు చేతులతో అందుకొని కళ్లకద్దుకున్నాడు.

మనుమడు కూడా ఆ అమావాస్య నాటి ఫోటోను అక్కడే, ఆ వృద్ధుని ఎదుటనే చెరిపివేశాడు. మరునాడు ఉదయం బయలుదేరేటప్పుడు ఆ పెద్దమనిషే మమ్మల్ని పిలిచి, మర్రిచెట్టు కింద తన మనుమలతో కూర్చొని, “ఇప్పుడు తియ్యి బాబూ” అన్నాడు. ఆ ఫోటో మా ఇంట్లో ఉన్నది. దాని ఇంకొక ప్రతి వారింట్లో ఉన్నది.

స్వస్తి.